ఆర్‌సీ విమానం, డ్రోన్ ఎగరేయాలంటే మన దేశంలో రూల్స్ ఏంటి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్‌సీ విమానం, అంటే రిమోట్‌తో నడిపే చిన్న విమానం పట్టుకుని ఏ ఖాళీ మైదానంలో నిలబడ్డా పది నిమిషాల్లో చుట్టూ జనం చేరతారు. ముందు అడిగేది "ఎంత పడింది?", తర్వాత అడిగేది "దీనికి పర్మిషన్ ఉందా?". ఈ రెండో ప్రశ్నకి ఎగరేసేవాళ్లలోనే చాలామంది దగ్గర సరైన జవాబు ఉండదు. కొందరు ఏమీ అక్కర్లేదంటారు, ఇంకొందరు అన్నిటికీ ఢిల్లీ వెళ్లాల్సిందే అంటారు. రెండూ తప్పే. నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. మీ కేసు ఏదైనా సరే మూడు విషయాలు చూసుకుంటే సగం తేలిపోతుంది: దాని బరువెంత, ఎక్కడ ఎగరేస్తున్నారు, ఎందుకు ఎగరేస్తున్నారు.

నాది డ్రోన్ కాదు, మామూలు రెక్కల విమానం. డ్రోన్ రూల్స్ నాకెందుకు?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. డ్రోన్ అనగానే నాలుగు ఫ్యాన్లున్న కెమెరా యంత్రమే గుర్తొస్తుంది కానీ డ్రోన్ రూల్స్ 2021లో ఆ తేడా లేదు. లోపల పైలట్ లేకుండా, దూరం నుంచి నడిపేది ఏదైనా ఆ రూల్స్ కిందకే వస్తుంది. మీరు ఇంట్లో థర్మాకోల్ కోసి, జిగురుతో అతికించి చేసిన గ్లైడర్‌కి మోటారు, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ పెట్టినా సరే, ఆర్‌సీ హెలికాప్టర్ అయినా సరే.

అయితే సరదా కోసం ఎగరేసేవాళ్ల కోసం ఆ రూల్స్‌లోనే 'మోడల్' అని ఒక వర్గం పెట్టారు. మొత్తం బరువు 25 కిలోలు దాటకూడదు, చదువు, పరిశోధన, డిజైన్, టెస్టింగ్ లేదా వినోదం కోసమే వాడాలి, కంటికి కనిపించే దూరంలోనే ఎగరాలి. ఈ మూడూ కుదిరితే మీది మోడల్. ఎవరూ మనల్ని పట్టించుకోలేదని కొందరు బాధపడుతుంటారు గానీ, నిజానికి మనకో గది కట్టే ఉంచారు.

ఈ రూల్స్ ఎప్పుడొచ్చాయి? ఇంతకుముందు ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు కదా?

2014 అక్టోబర్‌లో పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఒక పబ్లిక్ నోటీసు ఇచ్చి, ప్రైవేటు వ్యక్తులు డ్రోన్లు ఎగరేయకూడదంది. నాలుగేళ్లు అదే పరిస్థితి. 2018 డిసెంబర్ 1 నుంచి మొదటిసారి పద్ధతిగా నిబంధనలు అమల్లోకి వచ్చాయి, 2021 మార్చిలో వాటి స్థానంలో ఇంకా గట్టి రూల్స్ వచ్చాయి. అవెంత బరువుగా ఉన్నాయంటే 25 రకాల ఫారాలు, 72 రకాల ఫీజులు. పరిశ్రమలో వాళ్లు, హాబీ వాళ్లు అందరూ మొత్తుకున్నారు. ఆరు నెలలు తిరక్కుండానే 2021 ఆగస్టు 25న వాటిని తీసేసి ఇప్పుడున్న డ్రోన్ రూల్స్ తెచ్చారు. ఫారాలు 5కి, ఫీజులు 4 రకాలకి దిగాయి. అదే ఏడాది జూన్‌లో జమ్మూ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ మీద డ్రోన్లతో బాంబులు వేశారు. అది జరిగిన రెండు నెలలకే రూల్స్ బిగించకుండా సడలించడం నాకు ఇప్పటికీ మెచ్చుకోదగ్గ నిర్ణయంగానే అనిపిస్తుంది.

ఆ తర్వాత 2022లో, 2023లో సవరణలు వచ్చాయి. 2025 సెప్టెంబర్‌లో కొత్త సివిల్ డ్రోన్ బిల్లు ముసాయిదాని కూడా అభిప్రాయాల కోసం బయటపెట్టారు. అందుకే ఏదైనా కొనే ముందు, ఎగరేసే ముందు తాజా రూల్ ఒకసారి చూసుకోవడం మంచిది.

బరువు ఎలా లెక్కేస్తారు?

ఎగిరేటప్పుడు దాని మీద ఉన్నవన్నీ కలిపి. బ్యాటరీ, కెమెరా, పురుగుమందు ట్యాంకు ఉంటే అందులోని మందుతో సహా. 250 గ్రాముల వరకు నానో, అక్కడి నుంచి 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్, 150 కిలోల వరకు మీడియం, ఆపైన లార్జ్.

పెట్టె మీద రాసిన బరువు నమ్మకండి. నా ఫోమ్ విమానం ఒకటి రెండు కిలోల లోపే అనుకుని చాలా రోజులు నిశ్చింతగా ఉన్నాను. ఒకరోజు వంటింటి కాటా మీద పెడితే ఖాళీ విమానమే 1,720 గ్రాములు చూపించింది. దానికి నాలుగు సెల్స్ లైపో బ్యాటరీ పెట్టగానే 2,070. డెబ్బై గ్రాములతో అది మైక్రో నుంచి స్మాల్‌లోకి వెళ్లిపోయింది, దాంతో పైలట్ సర్టిఫికెట్ కావాల్సిన వర్గంలోకి నేనూ వెళ్లిపోయాను. చివరికి చక్రాలు, వాటి ఇనప కడ్డీలు తీసేసి, గడ్డి మీద పొట్టతో దింపడం నేర్చుకున్నాను. ఇప్పుడు బ్యాటరీతో కలిపి 1,940. మీరూ ముందు కాటా మీద పెట్టండి, మిగతా ప్రశ్నలు ఆ తర్వాత.

ఎక్కడ ఎగరేయొచ్చు?

దేశం మొత్తం ఆకాశాన్ని మూడు రంగులుగా విడగొట్టి డిజిటల్ స్కై అనే ప్రభుత్వ పోర్టల్‌లో మ్యాప్ పెట్టారు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. 2021 సెప్టెంబర్‌లో మొదటిసారి ఈ మ్యాప్ వచ్చినప్పుడు మాలాంటి వాళ్లకి పండగే, ఎందుకంటే అప్పటిదాకా "ఇక్కడ ఓకేనా?" అని అడిగితే చెప్పే నాథుడే లేడు.

ఆకుపచ్చ జోన్‌లో నేల నుంచి 400 అడుగుల వరకు, అంటే 120 మీటర్ల వరకు ఎగరేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే చోట 400 అడుగులు దాటితే మాత్రం అది పసుపు జోన్ అయిపోతుంది. ఇది చాలామందికి తెలియదు, రంగు నేల మీదే ఉంటుంది అనుకుంటారు. ఎత్తుని బట్టి కూడా రంగు మారుతుంది.

విమానాశ్రయం చుట్టుపక్కల లెక్క వేరే. ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లు దాటి 12 కిలోమీటర్ల లోపు ఉంటే 200 అడుగుల వరకే ఆకుపచ్చ. 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య నేల నుంచే పసుపు. పసుపు జోన్‌లో ఎగరేయాలంటే ఆ ప్రాంతపు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ఇంకా దగ్గరికి వెళ్తే ఎరుపు. అక్కడ కేంద్ర ప్రభుత్వం అనుమతిస్తే తప్ప ట్రాన్స్‌మిటర్, అంటే చేతి రిమోట్ కూడా బయటికి తీయొద్దు. పాత రూల్స్‌లో ఈ పసుపు వలయం 45 కిలోమీటర్లు ఉండేది, దాన్ని 12కి తగ్గించడం వల్లే చాలా ఊళ్లకి ఆకాశం తెరుచుకుంది.

హైదరాబాద్ వాళ్లకి ఇది కొంచెం కష్టమైన సంగతి. శంషాబాద్ ఒక్కటే కాదు, బేగంపేట ఉంది, హకీంపేట, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ వాళ్లవి ఉన్నాయి. ఒకదాని వలయం నుంచి బయటపడితే ఇంకోదాంట్లో పడతాం. విశాఖలో నేవీ వాళ్ల ఐఎన్‌ఎస్ డేగా ఉంది. శ్రీహరికోట సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి "ఇక్కడ ఎప్పుడూ ఏ విమానం కనిపించలేదు" అనే లెక్క పనికిరాదు, మ్యాప్‌లో మీరు నిలబడ్డ చోటు నొక్కి చూడాల్సిందే.

మ్యాప్‌లో ఆకుపచ్చే ఉంది, కానీ పోలీసులు వచ్చి ఆపమన్నారు. ఎవరి మాట వినాలి?

ముందు దింపేయండి, మాటలు తర్వాత. గాల్లో విమానం ఉండగా వాదన పెట్టుకుంటే మీ కళ్లు విమానం మీద ఉండవు.

వాళ్లు ఆపడానికి నిజంగానే కారణం ఉండొచ్చు. రాష్ట్ర ప్రభుత్వం గానీ, ఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి గానీ ఏదైనా చోటుని తాత్కాలిక ఎరుపు జోన్‌గా ప్రకటించొచ్చు, ఒక విడతకి 96 గంటలకి మించకుండా. ముఖ్యమంత్రి పర్యటన, పెద్ద సభ లాంటివి ఉన్నప్పుడు ఇది మామూలే. ఇది కాక కమిషనర్లు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద, అంటే మనం 144 అని పిలుచుకునే దాని కింద, డ్రోన్ల మీద నిషేధం పెడుతుంటారు. అవి పేపర్లో చిన్న వార్తగా వస్తాయి, మన కంట పడవు.

నా పద్ధతి ఒకటి చెప్తాను. కొత్త చోట మొదటిసారి ఎగరేసే ముందు స్థలం యజమానిని అడుగుతాను, దగ్గరి స్టేషన్‌కి వెళ్లి మ్యాప్ ప్రింటు చూపించి ఫలానా రోజు ఫలానా చోట ఎగరేస్తున్నామని ఒక కాగితం ఇచ్చి వస్తాను. రూల్ ప్రకారం ఆకుపచ్చ జోన్‌లో ఇది అక్కర్లేదు. కానీ ఆ కాగితం ఇచ్చిన చోట నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు, పైగా ఒకసారి ఆ స్టేషన్ వాళ్లే పిల్లల్ని తీసుకొచ్చి చూపించారు.

గుళ్ల దగ్గర జాగ్రత్త. తిరుమల కొండ మీద డ్రోన్ ఎగరేసి విజిలెన్స్ వాళ్లకి దొరికినవాళ్లు ఒకరిద్దరు కాదు. అక్కడ అస్సలు తీయొద్దు.

లైసెన్స్ కావాలా?

దాన్నిప్పుడు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అంటున్నారు. నానోకి అక్కర్లేదు. 2 కిలోల లోపు ఉండి, డబ్బు సంపాదనకి కాకుండా ఎగరేస్తే అక్కర్లేదు. మిగతా అన్నిటికీ కావాలి. అంటే హాబీయే అయినా మీ బాల్సా చెక్క విమానం మూడు కిలోలుంటే సర్టిఫికెట్ తీసుకోవాల్సిందే. పెద్ద స్కేల్ మోడల్స్ చేసేవాళ్లు ఈ మాట వినడానికి ఇష్టపడరు, నాకు తెలుసు.

18 ఏళ్లు నిండి, 65 దాటకుండా ఉండాలి, పదో తరగతి పాసై ఉండాలి, డీజీసీఏ గుర్తించిన శిక్షణ సంస్థలో ట్రైనింగ్ పూర్తి చేయాలి. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది, ప్రభుత్వ ఫీజు 100 రూపాయలే, అసలు ఖర్చంతా ట్రైనింగ్‌ది. మొదట్లో పాస్‌పోర్ట్ ఉండి తీరాలనేవారు, దానివల్ల పల్లెటూరి కుర్రాళ్లు చాలామంది ఆగిపోయారు. 2023 సవరణతో ఆ అడ్డు పోయింది.

హాబీ ఎక్కడ ఆగుతుంది, కమర్షియల్ ఎక్కడ మొదలవుతుంది? ఫ్రెండ్ పెళ్లికి తీసినా కమర్షియలేనా?

డబ్బు తీసుకుంటే కమర్షియలే, అందులో అనుమానం లేదు. "పెట్రోల్ ఖర్చులు ఇచ్చారంతే" అన్నా ఎవరూ ఒప్పుకోరు. ఫ్రెండ్ పెళ్లికి నిజంగా ఊరికే, రెండు కిలోల లోపు డ్రోన్‌తో తీస్తే అది సంపాదన కాదు. కానీ అక్కడ సర్టిఫికెట్ కంటే పెద్ద సమస్య ఇంకోటి ఉంది. మండపం, కింద మూడొందల మంది, పైన షామియానా తాళ్లు, కరెంటు తీగలు, మధ్యలో జనరేటర్. ప్రొపెల్లర్ ఒకటి విరిగితే ఆ డ్రోన్ పడేది తలంబ్రాలు పోసుకుంటున్నవాళ్ల మీదే. ఫొటోగ్రాఫర్లు నా మీద కోప్పడినా పర్వాలేదు, జనం నెత్తి మీద ఎగరేయడం నాకు ఎప్పటికీ సరిగ్గా అనిపించదు. పక్కన ఖాళీ స్థలం మీద నిలిపి, అక్కడి నుంచి వాలుగా తీస్తే వీడియో ఇంకా బాగుంటుంది కూడా.

యూట్యూబ్‌లో ఆదాయం వస్తుంటే? నా ఉద్దేశంలో ఆ వీడియో కోసమే ఎగరేస్తుంటే సర్టిఫికెట్ తీసుకోవడమే క్షేమం.

యూఐఎన్ అంటే ఏంటి? టైప్ సర్టిఫికెట్ అంటే ఏంటి?

బండికి నంబర్ ప్లేటు ఉన్నట్టే, ఎగిరేదానికి యూఐఎన్, అంటే దాని ప్రత్యేక గుర్తింపు నంబర్. రూల్స్‌లో ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప, యూఐఎన్ లేకుండా ఎగరేయకూడదు. మొదట ఇదంతా డిజిటల్ స్కైలోనే జరిగేది, తర్వాత రిజిస్ట్రేషన్ పనులు డీజీసీఏ ఈ-జీసీఏ పోర్టల్‌కి మారాయి. సెకండ్ హ్యాండ్ కొంటుంటే అమ్మేవాడి పేరు మీదున్న నంబర్ మీ పేరుకి మారుస్తాడో లేదో ముందే తేల్చుకోండి.

టైప్ సర్టిఫికెట్ ఒక్కో విమానానిది కాదు, ఆ రకానిది. కంపెనీ తయారుచేసిన డిజైన్‌ని పరీక్షించి ఇచ్చేది. నానోకి, మోడల్ వర్గానికి ఇది అక్కర్లేదు. సొంతంగా కట్టుకునేవాళ్లకి ఇదే ప్రాణం, ఎందుకంటే ఇంట్లో చేసిన ఒక్క విమానాన్ని ఎవరు ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించగలరు?

మాది ఇంజినీరింగ్ కాలేజీ. ప్రాజెక్టు కోసం ఎగరేయాలి. ఇవన్నీ మాకూనా?

విద్యాసంస్థలకి, గుర్తింపు పొందిన స్టార్టప్‌లకి, పరిశోధన సంస్థలకి మంచి మినహాయింపు ఉంది. పరిశోధన, అభివృద్ధి కోసమైతే టైప్ సర్టిఫికెట్, యూఐఎన్, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ లేకుండానే ఎగరేయొచ్చు. షరతు ఏంటంటే ఆకుపచ్చ జోన్‌లో, మీ ఆవరణలోనో, మీ అదుపులో ఉన్న ఖాళీ స్థలంలోనో చేయాలి. కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించుకుని దగ్గర పెట్టుకోండి. ఫెస్ట్ రోజు జనం మధ్యలో షో చేయడం మాత్రం పరిశోధన కిందకి రాదు.

అమెరికా నుంచి మా బావ డ్రోన్ తెస్తానంటున్నాడు. తెమ్మనాలా?

వద్దు. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది, పూర్తిగా తయారైనవి అయినా, విడదీసి పంపినవి అయినా. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకి మాత్రమే, అదీ అనుమతితో. విమానాశ్రయంలో కస్టమ్స్ డిక్లరేషన్ ఫారంలో డ్రోన్ ఉందా అని విడిగా అడుగుతారు. లేదని రాసి స్కానింగ్‌లో దొరికితే డ్రోన్ పోవడమే కాదు, బావగారు దిగీదిగగానే సంజాయిషీ ఇచ్చుకుంటూ కూర్చోవాలి.

విడిభాగాల మీద ఆ నిషేధం లేదు. మోటార్లు, స్పీడ్ కంట్రోలర్లు, సర్వోలు తెప్పించుకుని ఇక్కడ కట్టుకునేవాళ్లకి దారి ఉంది. నన్నడిగితే మనం ఈ వైపే వెళ్లాలి, సొంతంగా కట్టినవాడికి అది ఎందుకు పడిందో కూడా అర్థమవుతుంది.

పొలంలో మందు కొట్టే డ్రోన్ కొనాలనుకుంటున్నాం. అదీ ఇదే లెక్కా?

అదే లెక్క, ఇంకొన్ని అదనంగా. పది లీటర్ల ట్యాంకు ఉండే డ్రోన్లు మందుతో కలిపి దాదాపు 25 కిలోల అంచుకి వస్తాయి, అంటే స్మాల్ వర్గం. సర్టిఫికెట్ ఉన్న పైలట్ ఉండాలి, టైప్ సర్టిఫికెట్ ఉన్న రకమే కొనాలి. ఇవి కాక పురుగుమందు చల్లడానికి కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబర్‌లో విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. శిక్షణకి గుంటూరు దగ్గర లాంలో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, తెలంగాణలో స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉంది.

మహిళా సంఘాల వాళ్లయితే నమో డ్రోన్ దీదీ పథకం గురించి అడగండి. దేశవ్యాప్తంగా 15,000 సంఘాలకి ఇవ్వాలని పెట్టారు, డ్రోన్ ఖరీదులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల వరకు సాయం. ఇంటి పనీ పొలం పనీ చేస్తూనే ట్రాన్స్‌మిటర్ పట్టి మందు కొట్టే అక్కల్ని చూస్తే, ఈ హాబీలో ఇన్నేళ్లుగా ఉన్న నాకే చెప్పలేనంత సంతోషంగా ఉంటుంది.

ఇన్సూరెన్స్ తప్పనిసరా?

నానోకి తప్ప, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కావాలి. మోటారు వాహనాల చట్టంలో ఉన్న పద్ధతే దీనికీ వర్తిస్తుంది.

విమానం మీది కెమెరా దృశ్యాన్ని కళ్ల ముందు చూపించే గాగుల్స్ పెట్టుకుని ఎగరేస్తే తప్పా?

మోడల్ వర్గం అంటేనే కంటికి కనిపించే దూరంలో ఎగరేది. గాగుల్స్ పెట్టుకున్న క్షణం నుంచి మీ కళ్లు చూసేది కెమెరా చూపించేదాన్ని, విమానాన్ని కాదు. వెనక నుంచి గద్ద వచ్చినా, పక్క నుంచి గాలిపటం వచ్చినా మీకు తెలియదు. పక్కన ఒక మనిషి లేకుండా నేను గాగుల్స్ పెట్టను, ఆ మనిషికీ చెప్పి ఉంచుతాను, "దింపు" అంటే మారు మాట్లాడకుండా దింపేస్తానని.

ఇంత చిన్న ఫోమ్ బొమ్మకి ఇంత భయమెందుకు?

ఒక సాయంత్రం మేం ఎగరేస్తుంటే దూరంగా టపటప శబ్దం వినిపించింది. హెలికాప్టర్. ఆకుపచ్చ జోనే, మా విమానం ఓ రెండొందల అడుగుల్లో ఉంది. అది ఎటు నుంచి వస్తుందో చెవికి తెలిసేలోపే చెట్ల మీదుగా కనిపించింది, నేననుకున్నదాని కంటే చాలా కిందగా. థ్రాటిల్ పూర్తిగా తగ్గించి, ముక్కు కిందకి పెట్టి, రన్‌వే లెక్క చూడకుండా జొన్న చేలో దింపేశాను. రెక్క చివర చీలింది. హెలికాప్టర్ మా మీదుగా వెళ్లేసరికి నా బొటనవేళ్లు స్టిక్‌ల మీద వణుకుతూనే ఉన్నాయి.

మనిషి ఉన్న విమానానికి ఎప్పుడూ మనమే దారి ఇవ్వాలి. వాళ్లకి మనం కనిపించం. కిలోన్నర ఫోమ్‌లో గట్టిగా ఉండేవి బ్యాటరీ, మోటారు, అవి ఎదురుగా వస్తున్న అద్దానికి తగిలితే రాయి తగిలినట్టే. రూల్స్‌లో ఉన్న అడుగులు, కిలోమీటర్లు అన్నీ ఈ ఒక్క క్షణం రాకుండా ఉండటానికే.

ప్రమాదం జరిగితే ఏం చేయాలి? రూల్ తప్పితే శిక్ష ఏంటి?

ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా పోర్టల్ ద్వారా డీజీసీఏకి తెలపాలి. దెబ్బ తగిలినవాళ్లుంటే ముందు ఆసుపత్రి, ఆ తర్వాతే పోర్టల్. రూల్స్ ఉల్లంఘిస్తే లక్ష రూపాయల దాకా జరిమానా. అది డ్రోన్ రూల్స్ కింద, వేరే చట్టాల కింద కేసులు విడిగా ఉంటాయి. ఎవరి ఇంట్లోకో తొంగి చూసేలా వీడియో తీస్తే అది ఇంకో కేసు, అందులో సానుభూతి చూపించడానికి నేనూ సిద్ధంగా లేను.

మావాడు అమెరికాలో ఎగరేస్తున్నాడు, అక్కడా ఇంతేనా?

అక్కడ విమానయానాన్ని నియంత్రించే ఎఫ్‌ఏఏ చూస్తుంది, గీత కూడా వేరే చోట గీశారు. సరదాకైతే ట్రస్ట్ అనే ఉచిత ఆన్‌లైన్ పరీక్ష పాసవ్వాలి, 250 గ్రాములు, అంతకు మించి ఉంటే 5 డాలర్లు కట్టి రిజిస్టర్ చేయాలి, అది మూడేళ్లు చెల్లుతుంది. సరదాకి కాకుండా ఏ పనికి వాడినా 2016 నుంచి ఉన్న పార్ట్ 107 కింద పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలి, అక్కడ బరువు తక్కువ అన్న మినహాయింపు కూడా లేదు. 400 అడుగుల లెక్క మాత్రం రెండు చోట్లా కలుస్తుంది.

మా అబ్బాయికి పన్నెండేళ్లు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదట సిమ్యులేటర్, కంప్యూటర్‌లో నెల రోజులు. విమానం మన వైపు తిరిగి వస్తున్నప్పుడు ఎడమ కుడి తారుమారవుతాయి, అది చేతికి అలవాటయ్యేదాకా నిజమైనది కొనొద్దు. తర్వాత 250 గ్రాముల లోపు ఫోమ్ విమానం, ఆకుపచ్చ జోన్, గాలి తక్కువగా ఉండే పొద్దున్న ఆరు గంటల వేళ, పక్కన తెలిసినవాళ్లు ఒకరు.

ఎగరేసే ప్రతిసారీ ఒక పరీక్ష నేర్పండి. ప్రొపెల్లర్ తీసేసి, విమానాన్ని చేత్తో గట్టిగా పట్టుకుని, థ్రాటిల్ కొంచెం ఇచ్చి, ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేయమనండి. మోటారు దానంతటదే ఆగిపోవాలి. ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ సరిగ్గా పెట్టలేదన్నమాట, ఆ రోజుకి విమానం పెట్టెలోకి వెళ్లిపోవాల్సిందే, వాడు ఎంత ఏడ్చినా సరే.